మనిషి మెల్లగా, పాట మామూలుగా: స్లో మోషన్‌లో లిప్ సింక్ తీయడం ఎలా?

1983లో ది పోలీస్ బృందం పాట ‘ర్యాప్డ్ అరౌండ్ యువర్ ఫింగర్’కి గాడ్లీ, క్రీమ్ దర్శక ద్వయం వీడియో తీసింది. అప్పటికి ఎంటీవీ మొదలై రెండేళ్లే. వరుసలుగా నిలబెట్టిన కొవ్వొత్తుల మధ్య గాయకుడు స్టింగ్ గాల్లో తేలుతున్నట్టు కదులుతాడు, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. సెట్లో పాటను వేగం పెంచి వినిపించి, తీసిన బొమ్మను తర్వాత నెమ్మది చేశారు. ఇప్పుడు యూట్యూబ్‌లో వచ్చే మన ప్రైవేట్ పాటల్లో, ప్రీ-వెడ్డింగ్ వీడియోల్లో వాడేదీ ఈ కిటుకే. ఇందులో కెమెరా పని తేలిక. లిప్ కుదరడం, కుదరకపోవడం ఆడియో తయారీలోనూ పాడేవాళ్ల సాధనలోనూ తేలిపోతుంది.

లెక్క ఇదీ: కెమెరా ఫ్రేమ్ రేటును (సెకనుకి తీసే ఫ్రేములు, అంటే బొమ్మలు) ఎడిటింగ్ టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటుతో భాగిస్తే, సెట్లో పాటను ఎన్ని రెట్ల వేగంతో వినిపించాలో వస్తుంది. టైమ్‌లైన్ 25, కెమెరా 50 అయితే 200 శాతం. 24 టైమ్‌లైన్‌కి 36లో తీస్తే 150, 30లో తీస్తే 125. ఫోన్‌తో అయితే 60లో తీసి 30 టైమ్‌లైన్‌లో పెట్టండి, అప్పుడూ 200 శాతమే. ఫోన్‌లో 120 ఫ్రేముల స్లో-మో జోలికి వెళ్లొద్దు. నాలుగు రెట్ల వేగంతో ఎవరూ పాడలేరు.

ఆడియోకి ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్ తీసుకోండి. ఎంపీ3 మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది, దాంతో ఎడిటింగ్‌లో లెక్క తప్పుతుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘చేంజ్ టెంపో’ తెరిచి 100 శాతం పెంచమని ఇస్తే (అంటే మొత్తం వేగం 200 శాతం) 4 నిమిషాల పాట 2 నిమిషాలవుతుంది, శ్రుతి మారదు. పక్కనే ఉన్న ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’ వాడితే గొంతు ఒక స్థాయి పైకెళ్లి చిన్నపిల్లల గొంతులా వినిపిస్తుంది, దానితో కలిసి పాడటం కష్టం. టేపు రోజుల్లో వేరే దారి లేదు. ఇప్పుడు ఆ బాధ పడనక్కర్లేదు.

పల్లవిని, చరణాలను వేర్వేరు ఫైళ్లుగా కోసి, ప్రతిదాని ముందూ టిక్ టిక్ మనే బీట్లు పెట్టండి. 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్ల) పాట సెట్లో 180 అవుతుంది కాబట్టి 4 బీట్లు 1.3 సెకన్లలో అయిపోతాయి, ఊపిరి తీసుకోవడానికి చాలవు. అందుకే 8 పెట్టండి.

అసలు కష్టం సాధన. ముందు 125 శాతంలో పాడించండి. పల్లవి తడబడకుండా వచ్చాకే 150కి, ఆ తర్వాతే 200కి వెళ్లండి. వేగంలో ఒత్తులు మింగేస్తారు, దీర్ఘాలు కురచ చేస్తారు. నెమ్మది చేసినప్పుడు ఆ చోట నోరు ముందే మూసుకుపోయి కనిపిస్తుంది. ప, బ, మ అక్షరాల దగ్గర పెదవులు పూర్తిగా కలవాలి, ప్రేక్షకుడి కన్ను ముందు పట్టేది వాటినే. సాహిత్యం కాగితం మీద ఆ అక్షరాల కింద గీత గీసి ఇవ్వండి. ఇంకో ముఖ్యమైన మాట: గొంతెత్తి పాడించండి. పెదవులు మాత్రమే ఆడిస్తే మెడ నరాలు కదలవు, దవడ సగమే తెరుచుకుంటుంది, స్లో మోషన్‌లో ఆ అబద్ధం పెద్దగా కనిపిస్తుంది. రెప్పపాటు కూడా రెట్టింపు సాగి నిద్రమత్తులా ఉంటుంది కాబట్టి, పాదం మొదట్లో రెప్ప వేయకుండా అలవాటు చేయించండి. అసలు పాటే 110 బీపీఎం దాటితే 150 శాతం దగ్గర ఆగండి. గుంపు డ్యాన్స్ ఉన్నా అంతే.

షూటింగ్‌లో స్పీకర్ పాడేవాళ్లకు రెండు మీటర్ల లోపే ఉండాలి. శబ్దం 34 మీటర్లు వెళ్లడానికి సెకనులో పదో వంతు పడుతుంది, 50 ఫ్రేముల దగ్గర అది 5 ఫ్రేముల తేడా. దూరం నుంచి జూమ్ చేసి తీసిన షాట్లో కెమెరా మైకును నమ్మకుండా పెదవులు చూసి కలపండి. గాయకుడికి బ్లూటూత్ స్పీకర్, కెమెరాకి వైరు అనే ఏర్పాటు అసలు వద్దు, బ్లూటూత్ ఆలస్యంగా పలుకుతుంది.

చాలా కెమెరాల్లో స్లో మోషన్ మోడ్ పెడితే సౌండ్ రికార్డు కాదు. అందుకే మామూలు 50పీ (సెకనుకి 50 ఫ్రేముల) మోడ్‌లోనే తీయండి. తప్పనిసరై స్లో మోషన్ మోడ్ వాడితే, ఎడిటింగ్‌లో కలపడానికి వీలుగా, ప్లేబ్యాక్ నడుస్తుండగా పాట టైమ్ కనిపించే ఫోన్ స్క్రీన్‌ని ప్రతి టేక్ మొదట్లో లెన్స్‌కి చూపించండి.

మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. పైన వాడమన్న ఫ్రేమ్ రేట్లలో ఏదైనా షట్టర్ 1/100 సెకను పెడితే ఫ్లికర్ (వీడియోలో మినుకు) రాదు. 1/50తో పోలిస్తే వెలుతురు సగం తగ్గుతుంది, లైట్లు ఆ లెక్కన సిద్ధం చేసుకోండి. చౌకరకం ఎల్ఈడీలకు ఈ లెక్క వర్తించకపోవచ్చు, ముందు పది సెకన్లు తీసి చూడండి.

ఎడిటింగ్‌లో 25 టైమ్‌లైన్ మీద అసలు పాట వేసి, క్లిప్పును సౌండ్‌తో సహా 50 శాతం వేగానికి తగ్గించండి. క్లిప్పులో సాగిన పాట అసలు పాట లయకి వచ్చేస్తుంది కాబట్టి వేవ్‌ఫార్మ్‌లు (టైమ్‌లైన్‌లో కనిపించే శబ్దం గీతలు) కలపడం సులువు. లేని ఫ్రేములను కల్పించే ఫ్రేమ్ బ్లెండింగ్, ఆప్టికల్ ఫ్లో ఆపేయండి. ఉన్న ఫ్రేములే సరిపోతాయి, అవి ఆన్‌లో ఉంటే పెదవుల అంచులు అలుక్కుపోతాయి. ఒక ఫ్రేము అటా ఇటా అనే సందేహం వస్తే, పెదవి ముందు కదిలి శబ్దం వెనక వచ్చేలా ఉంచండి. శబ్దం ముందొస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది.

మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోనూ జారుతుంటే రెండు కారణాలు చూడండి. ఫోన్ వీడియో అయితే ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (స్థిరమైన) ఫ్రేమ్ రేటుకి మార్చుకోండి. కెమెరా అయితే, 24 అని చూపించేది నిజానికి 23.976 కావచ్చు. దాన్ని అచ్చమైన 24 అనుకుని కలిపితే 4 నిమిషాల పాటలో దాదాపు 6 ఫ్రేములు పోతాయి.

పాటను వెనక్కి నడిపే వీడియోలకూ ఇదే పద్ధతి. 2002లో కోల్డ్‌ప్లే బృందం పాట ‘ది సైంటిస్ట్’ వీడియో కోసం గాయకుడు క్రిస్ మార్టిన్ ఆ పాటను తిరగేసి పాడటం నేర్చుకున్నాడు. ఆడియోను రివర్స్ చేసి, వినిపించిన ధ్వనులను తెలుగు లిపిలో రాసి బట్టీ పట్టించాలి. అక్షరాల వరస మార్చి రాస్తే చాలదు, అక్షరం లోపలి ధ్వనీ తిరగబడుతుంది: ‘రాము’ని తిప్పితే ‘మురా’ కాదు, ‘ఉమార్’.