స్కాన్ చేసింది ఫోల్డర్‌లోకి రావట్లేదా? ప్రింటర్ కంటే ముందు కంప్యూటర్‌ని చూడండి

ఆఫీసులో మల్టీఫంక్షన్ ప్రింటర్ మీద కాగితం పెట్టి, అడ్రస్ బుక్‌లో మన పేరు నొక్కి, స్టార్ట్ కొడితే పీడీఎఫ్ నేరుగా మన ఫోల్డర్‌లో వచ్చి పడాలి. నిన్నటిదాకా పడేది. ఈరోజు కాగితం లోపలికి లాక్కుంటుంది, స్కాన్ అవుతుంది, చివర్లో మాత్రం పంపడం కుదరలేదని ఒక ముక్క చూపించి ఊరుకుంటుంది. అప్పుడు చాలామంది ప్రింటర్ మెనూలోకి వెళ్లి కనబడిన సెట్టింగల్లా మార్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కువ సందర్భాల్లో మారింది ప్రింటర్ కాదు, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్. విండోస్ అప్‌డేట్ పడి ఉంటుంది, పాస్‌వర్డ్ మార్చి ఉంటారు, రూటర్ కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ని గుర్తించే నంబర్) ఇచ్చి ఉంటుంది. ఇవేవీ తెలుసుకోకుండా ప్రింటర్‌లో నాలుగు మార్చారంటే, అసలు సమస్య అలాగే ఉండగా దాని మీద ఇంకో నాలుగు చేరతాయి.

లోపల జరిగేది ఇంతే. ఫోల్డర్‌కి పంపేటప్పుడు ప్రింటర్ కూడా నెట్‌వర్క్‌లో ఒక మామూలు యూజర్. ముందు కంప్యూటర్ ఎక్కడుందో వెతుకుతుంది, ఫైల్ షేరింగ్‌కి వాడే 445 పోర్ట్ అనే తలుపు తడుతుంది, ఫైళ్లు పంచుకోవడానికి కంప్యూటర్లు వాడే భాష అయిన ఎస్ఎంబీలో ఇద్దరికీ తెలిసిన వెర్షన్ ఏదో మాట్లాడుకుంటాయి, తర్వాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తుంది, చివరగా ఫోల్డర్‌లో ఫైల్ రాస్తుంది. ఈ వరసలో ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

పట్టుకోవడానికి మొదటి గుర్తు, ఎర్రర్ రావడానికి ఎంతసేపు పట్టిందన్నది. స్టార్ట్ కొట్టాక 'కనెక్ట్ అవుతోంది' అని చాలాసేపు తిరిగి తిరిగి ఫెయిలైతే ప్రింటర్‌కి అవతలి నుంచి జవాబే రాలేదని అనుకోవచ్చు: ఐపీ తప్పు, కంప్యూటర్ నిద్రలో ఉంది, లేదా ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని ఆపే రక్షణ) అడ్డుకుంటోంది. అలా కాకుండా ఒకటి రెండు సెకన్లలోనే ఫెయిలైతే చాలావరకు కంప్యూటర్ దాకా వెళ్లింది, అక్కడ కాదన్నారు: పాస్‌వర్డో, పర్మిషనో, ఎస్ఎంబీ వెర్షనో. ఇది నూటికి నూరు పాళ్లూ నిజం కాదు గానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. మెషిన్ ఎర్రర్ నంబర్ ఇస్తే అదీ రాసుకోండి. ఉదాహరణకి కానన్ మెషిన్లలో 751 అంటే సర్వర్‌కి కనెక్ట్ కాలేదని, 806 అంటే యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పని, 804 అంటే ఆ ఫోల్డర్ దొరకలేదు లేదా పర్మిషన్ లేదని.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష

ప్రింటర్‌ని కాసేపు పక్కన పెట్టి, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో లాప్‌టాప్ తీసుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ బాక్స్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ ఐపీ అడ్రస్, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు (ఫోల్డర్‌ని షేర్ చేసినప్పుడు పెట్టిన పేరు) కొట్టి ఎంటర్ నొక్కండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ మీ సొంతవి కాదు, ప్రింటర్ అడ్రస్ బుక్‌లో ఉన్నవే ఇవ్వాలి. ఫోల్డర్ తెరుచుకుంటే సరిపోదు, లోపల ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ తయారుచేసి, దాని పేరు మార్చి, తీసేసి చూడండి. ఇదంతా అయితే కంప్యూటర్ వైపు దాదాపు బాగున్నట్టే, తేడా ప్రింటర్‌లో రాసిన వివరాల్లోనో ఎస్ఎంబీ దగ్గరో ఉంది. కాకపోతే ప్రింటర్‌ని ముట్టుకోవాల్సిన అవసరమే లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ నుంచే ఈ పరీక్ష చేస్తే అర్థం లేదు, మీరు అప్పటికే అందులో లాగిన్ అయి ఉంటారు కాబట్టి ఏమీ అడగకుండానే తెరుచుకోవచ్చు. రెండో లాప్‌టాప్‌లో కూడా పాత పాస్‌వర్డ్ ఎప్పుడో సేవ్ అయి ఉండవచ్చు, కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ కంప్యూటర్ పేరుతో గానీ ఐపీతో గానీ ఏదైనా ఉంటే తీసేసి మొదలుపెట్టండి.

దారి మూసుకుపోయినప్పుడు

అడ్రస్ బుక్‌లో కంప్యూటర్ పేరు ఉంటే దాని బదులు ఐపీ అడ్రస్ పెట్టి ఒకసారి కొట్టండి. ఐపీతో వెళ్లి పేరుతో వెళ్లకపోతే పేరుని ఐపీగా మార్చుకోవడంలో తేడా ఉంది, ప్రింటర్‌లో ఆ పని చేసే డీఎన్ఎస్ సెట్టింగ్ తప్పై ఉండవచ్చు, దాన్ని చూసుకోండి. అడ్రస్ బుక్‌లో మొదటినుంచీ ఐపీయే ఉంటే, ఆ ఐపీ ఇప్పటికీ ఆ కంప్యూటర్‌దేనా అన్నది చూడాలి. రూటర్ డీహెచ్‌సీపీతో, అంటే దానంతట అదే, ఇచ్చే అడ్రస్ మారుతూ ఉంటుంది, రూటర్‌లోనే ఆ కంప్యూటర్‌కి రిజర్వేషన్ పెట్టేస్తే, అంటే ఎప్పుడూ ఒకే ఐపీ కేటాయిస్తే, ఈ గొడవ మళ్లీ రాదు. లాప్‌టాప్‌కి అయితే వైఫైకి ఒక ఐపీ, కేబుల్‌కి ఇంకో ఐపీ ఉంటాయి. నిన్న కేబుల్ మీద, ఈరోజు వైఫై మీద ఉంటే స్కాన్ పోతుంది మరి.

తర్వాత ఫైర్‌వాల్. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉందా, ప్రైవేట్ అని ఉందా చూడండి. పబ్లిక్ మీద ఉంటే ఫైల్ షేరింగ్ మామూలుగా మూసే ఉంటుంది. కొత్త రూటర్ పెట్టినప్పుడు విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ చేసేస్తుంది, అందుకే 'ఇంటర్నెట్ వాళ్లు వచ్చి వెళ్లినప్పటి నుంచీ స్కాన్ రావట్లేదు' అనే మాట అంత తరచుగా వినబడుతుంది. ప్రైవేట్ చేసి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి. విడిగా యాంటీవైరస్ ఉంటే దానికీ సొంత ఫైర్‌వాల్ ఉండవచ్చు, అందులోనూ చూడాలి.

పెద్ద ఆఫీసుల్లో ఇంకో మెలిక ఉంది. ప్రింటర్లన్నీ ఒక సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో విడిగా ఉంచిన భాగం), కంప్యూటర్లు ఇంకో సబ్‌నెట్‌లో పెడతారు. ప్రైవేట్ ప్రొఫైల్‌లో ఫైల్ షేరింగ్ రూల్ మామూలుగా లోకల్ సబ్‌నెట్‌కి మాత్రమే తెరిచి ఉంటుంది. పక్క లాప్‌టాప్ నుంచి పరీక్ష చక్కగా అవుతుంది, ప్రింటర్ నుంచి మాత్రం కాదు, ఎక్కడా తప్పు కనబడదు. అడ్వాన్స్‌డ్ ఫైర్‌వాల్‌లో ఆ రూల్ తెరిచి, స్కోప్ ట్యాబ్‌లో ప్రింటర్ ఐపీ చేర్చండి. అందరికీ తెరవక్కర్లేదు, ఆ ఒక్క ఐపీ చాలు.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్

ఎక్కువ టెన్షన్ ఇక్కడే. లాప్‌టాప్‌లోకి మీరు పిన్‌తోనో వేలిముద్రతోనో వెళ్తున్నారనుకోండి. ఆ పిన్ ఆ పరికరానికే, నెట్‌వర్క్ మీద పనికిరాదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే యూజర్‌నేమ్‌గా పూర్తి ఈమెయిల్, పాస్‌వర్డ్‌గా ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వాలి, అయినా ఒక్కోసారి ఒప్పుకోదు. పాస్‌వర్డే లేని లోకల్ అకౌంట్‌ని అయితే విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: స్కానింగ్ కోసం విడిగా ఒక లోకల్ అకౌంట్ పెట్టండి. పేరు చిన్నగా, స్పేస్ లేకుండా, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి. పాస్‌వర్డ్ బలంగా ఉండాలి గానీ మరీ వింత గుర్తులు వద్దు, కొన్ని పాత మెషిన్ల కీబోర్డులో అవి ఉండవు, మరీ పొడుగైతే చివర తెగిపోయే మెషిన్లూ ఉన్నాయి. దానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇవ్వకండి. పాస్‌వర్డ్ గడువు తీరకుండా పెట్టండి, విండోస్ లోకల్ పాలసీలో గడువు మామూలుగా 42 రోజులు కాబట్టి, అది వదిలేస్తే నెలన్నర తిరిగేసరికి సరిగ్గా ఇదే ఎర్రర్ వస్తుంది. ప్రింటర్‌లో యూజర్‌నేమ్ రాసేటప్పుడు కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు అని రాయడం మంచిది, డొమైన్ (అకౌంట్లన్నీ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటు) ఉన్న ఆఫీసుల్లో కంప్యూటర్ పేరు స్థానంలో డొమైన్ పేరు వస్తుంది.

తప్పు పాస్‌వర్డ్‌తో పదే పదే స్కాన్ కొట్టకండి. విండోస్ 11లో 22హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో 10 సార్లు తప్పితే అకౌంట్ 10 నిమిషాలు లాక్ అవుతుంది. ఆ సమయంలో సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా కాదంటుంది, మీరేమో ఇదీ తప్పే అనుకుని ఇంకోటి ప్రయత్నిస్తారు.

ఊహలు వద్దనుకుంటే కంప్యూటర్‌నే అడగొచ్చు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సెక్యూరిటీలో 4625 నంబర్ కోసం వెతకండి, అది ఫెయిలైన లాగిన్. అందులో ఏ యూజర్‌నేమ్‌తో ప్రయత్నించారో ఉంటుంది, సబ్ స్టేటస్ అని ఒక కోడ్ ఉంటుంది. కోడ్ చివర 64 ఉంటే అసలు అలాంటి యూజరే లేడు, 6ఏ ఉంటే పాస్‌వర్డ్ తప్పు, 6ఈ ఉంటే ఖాళీ పాస్‌వర్డ్ లాంటి అకౌంట్ ఆంక్ష, 71 గడువు తీరిన పాస్‌వర్డ్, 72 డిసేబుల్ చేసిన అకౌంట్, 234 లాక్ అయిన అకౌంట్. ప్రింటర్ స్క్రీన్ ఎంత మొహమాటపడినా ఇక్కడ మాత్రం సంగతి తేటగా ఉంటుంది. 4625 ఒక్కటీ కనబడకపోతే ముందు లోకల్ సెక్యూరిటీ పాలసీలో లాగాన్ ఆడిట్‌కి ఫెయిల్యూర్ టిక్ పెట్టి మళ్లీ స్కాన్ కొట్టండి. అప్పుడూ రాకపోతే ప్రింటర్ లాగిన్ దాకా రాలేదు, లేదా లాగిన్ అయ్యాక పర్మిషన్ దగ్గర ఆగిందన్నమాట, ఫైర్‌వాల్, ఎస్ఎంబీ, పర్మిషన్ల వైపు తిరగండి.

డొమైన్ ఉన్న చోట ప్రింటర్ గడియారం కూడా చూడండి. డొమైన్ వాడే కెర్బెరోస్ అనే లాగిన్ పద్ధతిలో రెండు గడియారాల మధ్య 5 నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే సర్వర్ ఒప్పుకోదు.

పర్మిషన్లు రెండు చోట్ల

షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. స్కాన్ అకౌంట్‌కి షేర్‌లో చేంజ్, సెక్యూరిటీలో మాడిఫై ఇవ్వండి. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తే పనైపోతుందని చాలాచోట్ల చెబుతారు, నాకది అస్సలు నచ్చదు. ఆ ఫోల్డర్‌లో పడేవి జీతాల కాగితాలు, ఐడీ కార్డులు, ఒప్పందాలు. పరీక్ష కోసం తెరిచినా పని కాగానే మూసేయండి. షేర్ పేరులో స్పేస్, తెలుగు అక్షరాలు లేకుండా చూసుకోండి, డిస్క్‌లో చోటుందో లేదో కూడా.

ఎస్ఎంబీ వెర్షన్

లాప్‌టాప్ నుంచి అంతా బాగుండి, వివరాలు అక్షరం తేడా లేకుండా ఉండి, ప్రింటర్ నుంచే రాకపోతే ఇదే. పాత మెషిన్లకి ఎస్ఎంబీ1 మాత్రమే వచ్చు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఈ ఎస్ఎంబీ1లోని లోపం పట్టుకునే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఎస్ఎంబీ1 సర్వర్ ఉండటం లేదు. కంప్యూటర్ మార్చిన రోజునుంచీ స్కాన్ ఆగిపోయిందంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోవాలి.

ప్రింటర్ ఐపీని బ్రౌజర్‌లో కొడితే దాని వెబ్ పేజీ వస్తుంది. అడ్మిన్‌గా లాగిన్ అయి నెట్‌వర్క్ లేదా ప్రోటోకాల్ సెట్టింగుల్లో ఎస్ఎంబీ2, ఎస్ఎంబీ3 ఉన్నాయేమో చూసి ఆన్ చేయండి. లేకపోతే తయారీదారు సైట్‌లో మీ మోడల్‌కి కొత్త ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉందేమో చూడండి, చాలా మెషిన్లకి ఆ ఆప్షన్ అలాగే వచ్చింది. ఫర్మ్‌వేర్ వేసేటప్పుడు మధ్యలో కరెంట్ పోకుండా చూసుకోవాలి, సర్వీస్ కాంట్రాక్ట్ ఉంటే వాళ్ల చేతే వేయించండి.

విండోస్ 11 24హెచ్2 వచ్చాక ఇంకోటి చేరింది. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఎస్ఎంబీ సైనింగ్ (ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం) తప్పనిసరి. ఎస్ఎంబీ2 వచ్చినా సైనింగ్ రాని లేదా అందులో ఆపేసి ఉన్న మెషిన్ దీని దగ్గర ఆగిపోతుంది. గెస్ట్‌గా, పాస్‌వర్డ్ లేకుండా పంపే మెషిన్లకీ ఇదే గతి. ముందు ప్రింటర్‌లో సైనింగ్ ఆన్ చేసి చూడండి, తర్వాత ఫర్మ్‌వేర్. ఏదీ కుదరకపోతే లోకల్ సెక్యూరిటీ పాలసీలో, సెక్యూరిటీ ఆప్షన్స్ కింద, మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ సర్వర్ పేరుతో మొదలయ్యే లైన్లలో 'ఆల్వేస్' అని ఉన్న సైనింగ్ పాలసీని డిసేబుల్ చేయవచ్చు. భద్రత కొంత తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క కంప్యూటర్‌కే, ప్రింటర్ మార్చేదాకానే.

ఎస్ఎంబీ1ని మాత్రం తిరిగి ఆన్ చేయకండి. ఐదు నిమిషాల్లో పనవుతుంది నిజమే, కానీ ఒక్క ప్రింటర్ కోసం ఆఫీసు కంప్యూటర్‌కి తెలిసి తెలిసి ఆ రంధ్రం పెట్టడం సరికాదు. మెషిన్ మరీ పాతదైతే ఈమెయిల్‌కి స్కాన్, లేదా యూఎస్‌బీకి స్కాన్ వాడుకోండి.

ఫోల్డర్ మ్యాక్‌లో ఉంటే ఫైల్ షేరింగ్ ఆప్షన్స్‌లో ఆ అకౌంట్‌కి విండోస్ ఫైల్ షేరింగ్ టిక్ పెట్టాలి. నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) అయితే దాని సెట్టింగుల్లో కనీస ఎస్ఎంబీ వెర్షన్ ఎంత ఉందో చూసి, ప్రింటర్‌కి వచ్చిన వెర్షన్‌తో పోల్చుకోండి.

స్కాన్ వచ్చేసిందా? అయితే కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, ఎవరూ లాగిన్ కాకుండా లాగిన్ స్క్రీన్ దగ్గరే ఉంచి ఇంకో పేజీ స్కాన్ చేయండి. అదీ రావాలి, షేర్‌కి ఎవరూ లాగిన్ అయి ఉండక్కర్లేదు. రాకపోతే ఆ సమయంలో లాప్‌టాప్ వైఫైకి కనెక్ట్ కాలేదేమో, ఫోల్డర్ ఉన్న డ్రైవ్ లాగిన్ తర్వాతే తెరుచుకునే ఎన్‌క్రిప్టెడ్ డ్రైవేమో చూడండి. తర్వాత స్లీప్ సెట్టింగ్‌ని ఆఫీసు గంటల్లో నిద్రపోకుండా మార్చి, ప్రింటర్ వెబ్ పేజీ నుంచి అడ్రస్ బుక్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.