పరమాణువంత పలచని ప్లాటినం – 3: ముందు రాగి, తర్వాత మార్పిడి

గత భాగంలో బంగారం ఎలక్ట్రోడును శుభ్రం చేసి, దాని అసలు వైశాల్యాన్ని కొలిచాం. ఇప్పుడు దానిపై ఒక్క పరమాణువు మందాన ప్లాటినం పరచాలి. ప్లాటినం ఉత్ప్రేరకంలో (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థంలో) పనిచేసేవి పైనున్న పరమాణువులే. ఇంత ఖరీదైన లోహాన్ని లోపల ఊరికే పడేసి ఉంచడం నా దృష్టిలో పెద్ద వృథా.

ప్లాటినాన్ని నేరుగా నిక్షేపిస్తే అది గుట్టలుగా పెరుగుతుంది. అందుకే ఈ చుట్టుదారి. అమెరికాలోని బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాలలో బ్రాంకోవిచ్, వాంగ్, ఆడ్జిచ్ 2001లో దీన్ని చూపించారు: ముందు రాగిని ఒక్క పొరగా పరచి, ఆ రాగి స్థానంలోకి ప్లాటినాన్ని రప్పించడం.

రాగి ఒక్క పొర దగ్గరే ఎందుకు ఆగుతుంది? పాఠమంతటికీ కీలకం ఇదే. రాగి పరమాణువుకు సాటి రాగితో కన్నా బంగారంతో బంధం బలంగా ఉంటుంది. అందుకే బంగారాన్ని తాకే మొదటి వరుస, మామూలుగా రాగి పేరుకునే వోల్టేజీ కన్నా ముందే కుదురుకుంటుంది. రెండో వరుసకు దొరికేది రాగి మాత్రమే కనుక, వోల్టేజీ ఇంకా కిందికి దిగితే తప్ప అది రాదు. ఈ నడిమి సందులోనే మన పని. దీన్ని అండర్‌పొటెన్షియల్ డిపోజిషన్ అంటారు.

0.05 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 1 మిల్లీమోలార్ కాపర్ సల్ఫేట్ కలిపి, నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను పూర్తిగా తరిమేయండి. ఈ గాఢత వద్ద ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడు (వోల్టేజీ కొలతలో సున్నాగా తీసుకునేది) లెక్కన రాగి 0.25 వోల్టుల దగ్గర పేరుకోవడం మొదలవుతుంది. 0.65 నుంచి మెల్లగా కిందికి రండి. (111) ముఖం, అంటే పరమాణువులు అతి దగ్గరగా సర్దుకున్న ముఖం, ఉన్న బంగారు స్ఫటికంపై అయితే కరెంటు గీతలో రెండు శిఖరాలు కనిపిస్తాయి. మొదటి దానికే సంబరపడి ఆగిపోకండి. అప్పటికి పొర మూడింట రెండు వంతులే నిండి ఉంటుంది: రాగి తేనెపట్టు గళ్లలా అమరి, మధ్య ఖాళీల్లో సల్ఫేట్ కూర్చుంటుంది. రెండో శిఖరం దాటాకే పొర పూర్తవుతుంది. 0.27 దగ్గర నిలపండి.

ఇక లెక్క. ఆ ముఖంపై చదరపు సెంటీమీటరుకు 1.39×10¹⁵ పరమాణువులు. ఒక్కో రాగికి రెండు ఎలక్ట్రాన్లు. అంటే పూర్తి పొరకు చదరపు సెంటీమీటరుకు దాదాపు 445 మైక్రోకూలుంబుల విద్యుదావేశం. సల్ఫేట్ వల్ల కొలత కొంత అటూ ఇటూ కావచ్చు. కానీ బాగా ఎక్కువ వస్తే, రెండో వరుస మొదలైందని అనుమానించండి.

మార్పిడికి విద్యుత్తు అక్కర్లేదు. ఎలక్ట్రోడును నైట్రోజన్ వాతావరణంలోనే పైకి తీసి, అంటుకున్న రాగి ద్రావణాన్ని కడిగి, ఆక్సిజన్ లేని పొటాషియం టెట్రాక్లోరోప్లాటినేట్ (ఒక ప్లాటినం లవణం) ద్రావణంలో ముంచండి. రాగి కరిగి ఎలక్ట్రాన్లిస్తుంది, ప్లాటినం వాటిని అందుకుని అక్కడే నిలుస్తుంది. ఈ మధ్యలో గాలి తగిలితే ఆక్సిజనే రాగిని కరిగించేస్తుంది, ప్లాటినానికి ఏమీ మిగలదు. ఈ ఒక్క చోట తొందరపాటు పనికిరాదు, జాప్యమూ పనికిరాదు. వచ్చే పొర ఎడం లేని దుప్పటిలా ఉండదు. ఒకదానితో ఒకటి కలిసిన చదునైన దీవుల్లా ఉంటుంది.

అభ్యాసం: పై లవణంలో ప్లాటినం ఆవేశం +2. దాని బదులు +4 ఉన్న హెక్సాక్లోరోప్లాటినేట్ వాడితే, అదే రాగి పొరకు ఎంత ప్లాటినం వస్తుంది? లెక్క వేసి ఉంచుకోండి. వచ్చే భాగంలో రెండో పొర దానితోనే మొదలుపెడదాం.