సర్వీస్ అకాడమీ దరఖాస్తు వాయిదా పడితే ఏం చేయాలి?

డిసెంబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అంకుల్, డిఫర్ చేశారు" అని పిల్లలు ఒక్క మాటతో ఆగిపోతారు. తల్లిదండ్రులు ఆగరు. ఎవరిని కలవాలి, ఎవరితో చెప్పించాలి, అడ్మిషన్స్ ఆఫీసులో ఫోన్ ఎవరు ఎత్తుతారు అని గుక్క తిప్పుకోకుండా అడుగుతారు. మా ఊళ్లోని తెలుగు పిల్లలకు ఈ దరఖాస్తుల్లో పదేళ్లుగా సాయం చేస్తున్నాను. వాయిదా పడ్డ పిల్లల్లో కొందరు ఆ తర్వాత రెండు నెలల్లో ఇంట్లో జరిగిన హడావుడి వల్లే నష్టపోయారని నా నమ్మకం. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

సైన్యం, నౌకాదళం లాంటి సేవలకు అధికారులను తయారుచేసే ప్రభుత్వ కళాశాలలే సర్వీస్ అకాడమీలు. అమెరికాలో ఇవి ఐదు ఉన్నాయి. సైన్యానికి వెస్ట్ పాయింట్, నౌకాదళానికి అనాపొలిస్, కొలరాడో స్ప్రింగ్స్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీ, కింగ్స్ పాయింట్‌లోని మర్చంట్ మెరైన్ అకాడమీ, కనెటికట్ రాష్ట్రం న్యూ లండన్‌లోని కోస్ట్ గార్డ్ అకాడమీ. నేను కోస్ట్ గార్డ్‌నే, అంటే తీర రక్షక దళాన్నే, ఉదాహరణగా తీసుకుంటాను. ముందస్తు దరఖాస్తు పద్ధతి అక్కడ స్పష్టంగా ఉంది. ఇటీవలి ఏళ్లలో ముందస్తు గడువు అక్టోబర్ 15, మామూలు గడువు జనవరి 15. సెనేటరో ప్రతినిధుల సభ సభ్యుడో నామినేషన్ ఇవ్వనవసరం లేని అకాడమీ కూడా అదొక్కటే.

వాయిదా అంటే తిరస్కారం కాదు. మీ అమ్మాయి ఫైలును మామూలు గడువులో వచ్చే ఫైళ్లతో కలిపి మళ్లీ చూస్తారు. ఏటా దాదాపు 300 మందిని మాత్రమే చేర్చుకునే చోటు కాబట్టి తొందరపడి ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. ఇండియాలో ఉన్న అమ్మమ్మకు, నానమ్మకు "రాలేదు" అని చెప్పకండి. "ఇంకా చూస్తున్నారు" అని చెప్పండి, అది నిజం కూడా. "రాలేదు" అన్న మాట నాలుగు ఇళ్లు తిరిగి చివరికి పిల్ల చెవినే పడుతుంది.

కావలసినవి

ఒక ఫైలు, ఒక క్యాలెండర్, పోర్టల్ పాస్‌వర్డు, స్కూల్ కౌన్సెలర్ ఈమెయిల్. అంతే. పాస్‌వర్డు పిల్ల దగ్గరే ఉండాలి. తండ్రి ఫోనులో ఉంటే అర్ధరాత్రి కూడా తెరిచి చూస్తుంటారు, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

పౌరసత్వం కాగితం కూడా ఇప్పుడే చూసుకోండి. చేరే నాటికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండకముందే, వారు తల్లిదండ్రులతో ఇక్కడే ఉంటుండగా తల్లికో తండ్రికో పౌరసత్వం వస్తే, పిల్లలకూ దానంతటదే వస్తుంది. కానీ రుజువు చేతిలో ఉండాలి. పిల్లకు పాస్‌పోర్టు తీసుకోని ఇళ్లు నేను చూశాను.

మొదటి వారం

లేఖను రెండుసార్లు చదవండి. ఏం పంపమన్నారో, ఏం పంపొద్దన్నారో, ఏ తేదీలోపో అందులోనే ఉంటుంది. దాన్ని క్యాలెండర్‌లో రాయండి. ఆ వారం ఇంకేమీ చేయొద్దు. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి, స్నేహితులతో సినిమాకు వెళ్తానంటే పంపండి.

మార్కులు, పరుగు, వైద్యం

పన్నెండో తరగతి మొదటి సెమిస్టర్ మార్కులను కౌన్సెలర్ పంపాలి. పంపారో లేదో కౌన్సెలర్‌ను పిల్లే అడగాలి. లెక్కలు, ఫిజిక్స్ మార్కులు పెరిగితే దాన్ని మించిన సిఫారసు లేదు. సాట్ మళ్లీ రాయడం మీ ఇష్టం. గణితంలో స్కోరు తక్కువైతే రాయాలి, మిగతా సందర్భాల్లో ఆ శనివారం నిద్రపోవడం మేలు.

శారీరక పరీక్ష స్కోరు బలహీనంగా ఉంటే కొత్త స్కోరు తీసుకుంటారా అని అడ్మిషన్స్ అధికారికి పిల్లే ఒక్క వాక్యంలో రాసి అడగాలి. తీసుకుంటామంటే ఎనిమిది వారాలు పుషప్‌లు, పరుగు. పరుగు ఉదయం ఆరింటికే తీయాలి, సాయంత్రం పరుగు నేను ఒప్పుకోను. వెస్ట్ పాయింట్, అనాపొలిస్ లాంటి చోట్ల మోకాళ్ల మీద నిలబడి బాస్కెట్‌బాల్ విసరడం కూడా పరీక్షలో భాగమే. క్రికెట్ ఆడే మన పిల్లలు భుజం బలం చాలనుకుంటారు. మోకాళ్ల మీద ఉంటే కాళ్ల సాయం రాదు, బంతి ఊహించిన దానికంటే చాలా దగ్గరే పడుతుంది. దాన్ని ప్రత్యేకంగా సాధన చేయాలి.

వైద్య బోర్డు ఏదైనా కాగితం అడిగితే వారంలో పంపండి. పదమూడో పుట్టినరోజు తర్వాత ఆస్తమా నిర్ధారణ అయినా, ఇన్‌హేలర్ వాడినా అది అనర్హత కిందికి వస్తుంది. అయితే మినహాయింపు అడగవచ్చు. అడిగే హక్కు ఉండగా దాచడం మూర్ఖత్వం. అంతకుమించి, అబద్ధం.

ఉత్తరం

ఇక అసలు పని. వాయిదా పడ్డాక అభ్యర్థి అడ్మిషన్స్ అధికారికి రాసే ఒకే ఒక్క ఉత్తరం ఇది. ఇక్కడ చెడగొట్టుకున్నవాళ్లే ఎక్కువ కాబట్టి నింపాదిగా చదవండి.

మొదటిది, పిల్లే రాయాలి. ఇది అందరికీ తెలిసిందేనని అంటారు, కానీ ఎవరూ పాటించరు. మన తరం ఇండియాలో దరఖాస్తులు రాయడం ఎలా నేర్చుకుందో గుర్తు చేసుకోండి. "నా విన్నపాన్ని సానుభూతితో పరిశీలించగలరని ప్రార్థన", "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో", "ఎల్లప్పుడూ మీకు కృతజ్ఞుడినై". ఆ వాక్యాలే ఇంగ్లీషులోకి మారి పదిహేడేళ్ల పిల్ల ఉత్తరంలో ప్రత్యక్షమవుతాయి. రోజూ పిల్లల ఉత్తరాలు చదివే అధికారికి పెద్దవాళ్ల చేయి పడిందని తెలియడానికి ఒక పేరా చాలు. అక్కడికి వచ్చేది రేపు ఓడ మీద నిలబడి నిర్ణయాలు తీసుకోవాల్సిన మనిషి. ఒక పేజీ ఉత్తరం తానే రాసుకోలేదన్న అనుమానం వస్తే అంతకంటే నష్టం లేదు.

రెండోది, తొందరపడొద్దు. వాయిదా లేఖ వచ్చిన రాత్రే రాసే ఉత్తరంలో బాధ తప్ప ఏమీ ఉండదు. లేఖలో తేదీ ఇస్తే ఆ తేదీకి కట్టుబడండి. ఇవ్వకపోతే సెమిస్టర్ మార్కులు చేతికి వచ్చాక, జనవరి మూడో వారానికి, ఫిబ్రవరి మొదటి వారానికి మధ్య పంపాలి. ఒక్కసారే పంపాలి. వారానికో ఈమెయిల్ పంపితే ఆసక్తి కనబడుతుందని కొందరు కన్సల్టెంట్లు డబ్బు తీసుకుని మరీ చెబుతున్నారు. ఇది మనుషులు చదివే ఫైలు. నాలుగో ఈమెయిల్ వచ్చేసరికి మొదటి దాన్లో ఉన్న మంచి విషయం కూడా మరుగున పడిపోతుంది.

మూడోది, అన్నిటికంటే కష్టమైనది: ఏం రాయాలి? అక్టోబర్ 15 నాటికి లేని సంగతులు మాత్రమే. ప్రతి వాక్యం దగ్గర ఆగి "ఇది దరఖాస్తు పంపిన రోజు కూడా నిజమేనా?" అని అడగండి. అవునంటే కొట్టేయండి. చిన్నప్పటి నుంచి దేశసేవ ఇష్టమన్నది కొట్టేయాలి. పదో తరగతిలో వచ్చిన బహుమతి కొట్టేయాలి. ఈగిల్ ఓడ కూడా కొట్టేయాలి. 1936లో జర్మనీలో కట్టిన ఆ తెరచాప ఓడ రెండో ప్రపంచయుద్ధం తర్వాత కోస్ట్ గార్డ్ చేతికి వచ్చింది, కేడెట్లు దాని మీదే శిక్షణ పొందుతారు. అందమైన ఓడే. అందుకే అందరూ దాని గురించే రాస్తారు.

మా వీధిలోని ఒక అమ్మాయి చిత్తుప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉంది. మొదటి పేరా నిండా ఈగిల్. రెండో పేరాలో వాళ్ల నాన్నగారి విశేషణాలు. వాళ్లింటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని పెన్నుతో ఒక్కో వాక్యం కొట్టేస్తూ పోతే పేజీలో తన పేరు, సంతకం మిగిలాయి. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ రోజు పొద్దున ఏం చేశావమ్మా?" అని అడిగాను.

"పూల్ తెరిచాను అంకుల్."

నవంబర్ నుంచి ఊళ్లో ఈత కొలనులో లైఫ్‌గార్డుగా చేస్తోందట. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఐదున్నరకు తాళం తీస్తుంది. చిన్న సీసాలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసి క్లోరిన్ లెక్క రాస్తుంది. ప్రాణరక్షణ ట్యూబులు ఎక్కడివక్కడ వేలాడుతున్నాయో లేదో చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెడుతుంది. జనవరిలో ఒక ఉదయం లెక్క తేడాగా వస్తే, బయట పెద్దవాళ్లు తువ్వాళ్లతో నిలబడి విసుక్కుంటున్నా, మేనేజర్ వచ్చేదాకా తలుపు తెరవలేదు.

"ఇది ఎందుకు రాయలేదు?"

"అది ఉద్యోగం కదా అంకుల్, గొప్ప విషయం కాదు" అంది.

అదే రాయించాను. వాళ్ల నాన్నగారు మొదట నొచ్చుకున్నారు. కొలను తాళాల గురించి రాస్తే చిన్నతనంగా ఉంటుందన్నారు. కోస్ట్ గార్డ్ చేసే పనుల్లో సముద్రంలో చిక్కుకున్నవారిని వెతికి రక్షించడం ముఖ్యమైనది. జనం విసుక్కుంటున్నా భద్రత లెక్క సరిపోయేదాకా తలుపు తెరవని పిల్ల వాళ్లకు అక్కరకొచ్చే పిల్ల. ఈ ముక్క ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. జరిగింది జరిగినట్టు ఐదు వాక్యాల్లో రాసి ఊరుకుంది, మిగతాది చదివేవారికి వదిలేసింది. నేను చెప్పే పద్ధతి మొత్తం ఇదే. విశేషణాలతో నింపిన ఉత్తరాలు వందల్లో వస్తాయి, ఇలాంటిది ఆ పిల్ల తప్ప ఇంకొకరు రాయలేరు.

అలాంటి సంగతులు మూడు చాలు. ఒకటి చదువులో, ఒకటి శరీర దారుఢ్యంలో, ఒకటి బాధ్యతలో. మూడు దొరకకపోతే రెండే రాయండి. లేనిది సృష్టించొద్దు.

నాలుగోది, మాట ఇవ్వడం. "సీటిస్తే తప్పకుండా చేరతాను" అన్న వాక్యానికి బరువుంది. నిజమైతేనే రాయాలి. అదే వాక్యాన్ని అనాపొలిస్‌కూ న్యూ లండన్‌కూ పంపిన ఇల్లు నాకు తెలుసు. ఆ తర్వాత ఆ అబ్బాయి నా ముఖంలోకి చూడలేకపోయాడు. కోస్ట్ గార్డ్ కేడెట్లు ఉండే చేజ్ హాల్లో, ఇక్కడ నివసించేవారు గౌరవాన్ని ఆరాధిస్తారని, కర్తవ్యాన్ని గౌరవిస్తారని రాసి ఉంటుంది. అక్కడికి వెళ్లే దారిలో మొదటి అడుగే అబద్ధం మీద పడకూడదు. ఇంకా తేల్చుకోకపోతే "నా మొదటి ఎంపికల్లో ఒకటి" అని రాయవచ్చు, తప్పు లేదు.

ఇక రూపం. ముందు పెన్నుతో కాగితం మీద రాయాలి, కంప్యూటర్ తర్వాతే. రెండు వందల యాభై పదాలు దాటకూడదు. పైన పూర్తి పేరు, దరఖాస్తు సంఖ్య. మూడు రోజులు పక్కన పెట్టి, గట్టిగా పైకి చదవాలి. నాలుక తట్టుకున్న చోట వాక్యం మార్చాలి. ఇంగ్లీషు టీచరు ఒక్కసారి చూస్తే చాలు. తల్లిదండ్రులు అక్షరదోషాలు మాత్రమే చెప్పాలి. పిల్ల సొంత ఈమెయిల్ నుంచి, పిల్లే పంపాలి.

ఉత్తరంతో పాటు సిఫారసులు కట్టలు కట్టి పంపొద్దు. సంఘం అధ్యక్షుడు, గుడి కమిటీ సభ్యుడు, తెలిసిన డాక్టరుగారు రాసినవి ఏ ఉపకారమూ చేయవు. కొత్తగా పిల్ల పని దగ్గరుండి చూసినవారు, ఆ కొలను మేనేజర్ లాంటివారు, ఒకరు రాస్తే చాలు. అదీ అకాడమీ తీసుకుంటామంటేనే.

ఎదురుచూసేటప్పుడు

అడ్మిషన్స్ ఆఫీసుకు తల్లిదండ్రులు ఫోన్ చేయొద్దు. ఒక్కసారి కూడా వద్దు.

మామూలు కాలేజీల దరఖాస్తులు ఏవీ వెనక్కి తీసుకోకండి. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఇచ్చే ఆర్‌ఓటీసీ (మామూలు కాలేజీలో చదువుతూనే అధికారి శిక్షణ పొందే పథకం) స్కాలర్‌షిప్పుల గడువులు వెంటనే చూసుకోండి. నామినేషన్ అవసరమైన అకాడమీలకు డిసెంబర్‌లో కొత్తగా పరుగెత్తి లాభం తక్కువ, నామినేషన్ ఇచ్చే సెనేటర్ల, సభ్యుల కార్యాలయాలు చాలావరకు శరదృతువులోనే తలుపులు మూసేస్తాయి. కోస్ట్ గార్డ్ మీదే మనసుంటే డిగ్రీ తర్వాత ఆఫీసర్ కేండిడేట్ స్కూల్ దారి ఉంది. ఆ శిక్షణ జరిగేది కూడా న్యూ లండన్‌లోని అదే ప్రాంగణంలో.

కొందరికి నేరుగా సీటు ఇవ్వకుండా ఒక ఏడాది సన్నాహక చదువుకు పంపుతామంటారు. దానికి మనం దరఖాస్తు చేసుకోలేం, వాళ్లే ఎంచుకుంటారు. ఏడాది వృథా అని దాన్ని వదులుకున్న తల్లిదండ్రులున్నారు. ఇంజనీరింగ్ సీటు కోసం గుంటూరులోనో విజయవాడలోనో లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్న తరం మనది. ఆ ఏడాది విలువ మనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇస్తామంటే ఆలోచించకుండా ఒప్పుకోండి. కొలను తాళం తీసిన అమ్మాయికి వచ్చింది అదే. ఆ ఏడాది పూర్తి చేసి ఆమె అకాడమీలో చేరింది.

ఏదీ రాకపోతే కాలేజీలో చేరి మొదటి సెమిస్టర్‌లో కాలిక్యులస్, కెమిస్ట్రీ తీసుకుని మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. వయసు పరిమితి దాటకపోతే చాలు. రెండోసారి ప్రయత్నించి చేరినవారు ప్రతి అకాడమీలోనూ ఉన్నారు. అందుకే ఆ ఫైలు పారేయకండి. వైద్య కాగితాలు, పరుగు సమయాలు, కొట్టివేతలున్న ఆ చిత్తుప్రతి అన్నీ అందులోనే ఉంచండి. వచ్చే దరఖాస్తు తెరిచిన రోజు ముందు ఆ చిత్తుప్రతినే బయటికి తీసి చదివించండి.