ఇంట్లోనే ఇంగ్లీషు – 7వ పాఠం: డీప్ నుంచి డెప్త్, పే నుంచి పేమెంట్

పోయిన పాఠంలో విశేషణాలు చూశాం. ఈసారి వాటినీ, క్రియల్నీ నామవాచకాలుగా, అంటే నౌన్లుగా మార్చడం. కొత్త పనేం కాదు. ఊడ్చితే ఊడ్పు, కోస్తే కోత, నూర్చితే నూర్పు, మునిగితే ముంపు. డెల్టాలో పుట్టినవాడికి ఏ మాటకు ఏ తోకో ఎవరూ నేర్పలేదు. కానీ కోతను ‘కోపు’ అంటే మాత్రం నవ్వుతాడు. ఇంగ్లీషులోనూ తోకలు అలాగే నోటికి పట్టాలి.

ముందు విశేషణాలు. ఎక్కువగా పనికొచ్చేది ‘నెస్’: వీక్–వీక్‌నెస్, డార్క్–డార్క్‌నెస్. హ్యాపీలాగా చివర వై ఉంటే అది ఐ అవుతుంది. ఇది ఇంగ్లీషు సొంత తోక. ‘ఇటీ’ మాత్రం లాటిన్, ఫ్రెంచి మాటల వెంట వచ్చింది. భీమవరం వైపు చెరువు గట్టు మీద రోజూ వినపడే సెలైనిటీ ఇదే. సెలైన్ అంటే మనకు ఆసుపత్రి బాటిలే గుర్తొస్తుంది గానీ, అసలు అర్థం ‘ఉప్పుగా ఉన్న’ అని. ఉప్పదనం సెలైనిటీ. అలాగే హ్యూమిడ్–హ్యుమిడిటీ.

కొలతల మాటలు కాస్త మొండివి. డీప్–డెప్త్, వైడ్–విడ్త్, లాంగ్–లెంగ్త్. తోకతోపాటు లోపలి అచ్చు కూడా మారింది, చూశారా? హై మాత్రం హైట్ అవుతుంది, ‘హైత్’ కాదు. వీటికి సూత్రాలు వెతక్కండి, బట్టీ పట్టడమే సులువు.

ఇక క్రియలు. ‘మెంట్’తో పే–పేమెంట్. ‘షన్’తో ఇరిగేట్–ఇరిగేషన్. ‘ఏజ్’తో డ్రెయిన్–డ్రైనేజ్, స్టోర్–స్టోరేజ్. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వినే ‘కెనాల్ క్లోజర్’లో క్లోజర్, క్లోజ్ నుంచి వచ్చిందే. కొన్నిటికి తోకే ఉండదు. కౌంట్ అంటే లెక్కపెట్టడం. వంద కౌంట్ రొయ్య, అంటే కిలోకు వంద, అన్నప్పుడు అదే మాట నౌన్. హార్వెస్ట్ కూడా అంతే.

పరీక్షల్లో మార్కులు పోయేది అడ్వైస్ దగ్గర: నౌన్‌కు సి, వర్బ్‌కు ఎస్. ఇన్ఫర్మేషన్, అడ్వైస్‌లకు బహువచనం ఎస్ చేర్చకండి.

మాట మార్చడం సగం పనే. చుట్టూ ఉన్న వాక్యం కూడా మారాలి, చాలామంది తడబడేది అక్కడే. వరద రోజుల్లో ఒక వాక్యం చూడండి:

ది వాటర్ రోజ్ సడన్లీ.

రోజ్ క్రియను రైజ్ అనే నౌన్ చేద్దాం. క్రియను వర్ణించే సడన్లీ ఇప్పుడు నౌన్‌ను వర్ణించాలి కాబట్టి సడన్ అవుతుంది. కర్తగా ఉన్న వాటర్ ముందు ‘ఆఫ్’ వస్తుంది:

ది సడన్ రైజ్ ఆఫ్ ది వాటర్.

ఇంకా వాక్యం కాలేదు, క్రియ పోయింది కదా. ఇంకో క్రియ తగిలిస్తే నిలబడుతుంది:

ది సడన్ రైజ్ ఆఫ్ ది వాటర్ స్కేర్డ్ ది లంక విలేజర్స్.

ధవళేశ్వరం ఆనకట్ట గురించి ‘ఇట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852’ అన్నదాన్నీ ఇలాగే ‘ఇట్స్ కంప్లీషన్ ఇన్ 1852’ అని మార్చి, వెనక ‘చేంజ్డ్ ది డెల్టా’ చేర్చవచ్చు. రెండు వాక్యాల సమాచారం ఒకదాంట్లో ఇమిడింది. నౌన్ల అసలు ఉపయోగం ఇదే.

అలాగని ప్రతిదాన్నీ నౌన్ చేస్తే ఆఫీసు సర్క్యులర్ అవుతుంది. ‘వియ్ పెయిడ్’ అంటే సరిపోయేచోట ‘వియ్ మేడ్ ది పేమెంట్’ ఎందుకు? నా మటుకు ఉత్తరంలో మొదటిదే రాస్తాను, రెండోది రసీదులకు వదిలేస్తాను.

అభ్యాసం: వార్మ్, ఏబుల్, అరైవ్, గ్రో, వెయ్ – వీటికి నౌన్లు రాయండి. ఒకదాని చివర ‘త్’ కాకుండా ‘ట్’ వస్తుంది, జాగ్రత్త. తర్వాత ‘ది ష్రింప్ గ్రూ స్లోలీ’ని పైన చూపినట్టు మార్చి, ఒక క్రియ చేర్చి పూర్తి చేయండి. జవాబులు 8వ పాఠం మొదట్లో ఉంటాయి.