వేట నిషేధం ముగిసేలోగా: బోటు అడుగున ఉండే లోహభాగాలకు తీసుకోవలసిన జాగ్రత్తలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేట ఆగిపోతుంది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మిగతా కాలమంతా ఉప్పునీటిలోనే ఉండే బోటును ఒడ్డెక్కించి దాని అడుగు చూసుకోవడానికి యజమానికి దొరికే తీరిక ఇదొక్కటే. అయితే ఇంజిన్ మీద, వలల మీద, రంగుల మీద పెట్టినంత శ్రద్ధ ప్రొపెల్లర్, షాఫ్టు, చుక్కాని, నీటి వాల్వుల మీద చాలామంది పెట్టడం లేదు. వర్షాకాలపు కెరటాల్లోనో, అక్టోబరు, నవంబరు తుపానుల ముందు ఒడ్డుకు పరుగున వస్తున్నప్పుడో వీటిలో ఒక్కటి తెగినా ప్రాణాల మీదికి వస్తుంది.

రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉప్పునీటిలో మునిగి ఉంటే అది బ్యాటరీలా పనిచేసి, వాటిలో బలహీనమైన లోహం మెల్లగా కరిగిపోతుంది. కంచు ప్రొపెల్లర్, స్టీలు షాఫ్టు, ఇనుప చుక్కాని ఒకేచోట ఉన్న బోటులో ఈ పని రాత్రింబవళ్లు సాగుతూనే ఉంటుంది. వీటన్నిటికంటే తేలికగా కరిగే జింక్ దిమ్మను వాటికి బిగిస్తే, ఆ కరుగుదలను అదే భరించి మిగతావాటిని కాపాడుతుంది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగుకు ఇనుము, జింక్ ముక్కలు తగిలించి చూసినప్పుడు రాగి కరగడం ఆగింది గాని, దాని మీద నాచు, గుల్లలు విపరీతంగా పట్టాయి. కాబట్టి మంచి రక్షణలో ఉన్న ప్రొపెల్లర్‌కు గుల్లలు ఎక్కువ పట్టినంత మాత్రాన జింక్ పనిచేయడం లేదని అనుకోకండి. గుల్లలను గీకి తీసేయండి, జింక్‌ను మాత్రం ఉంచండి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: ఏడాది తర్వాత కూడా కొత్తదానిలా మెరుస్తున్న జింక్ దిమ్మను చూసి సంతోషించకూడదు. అది కరగలేదంటే దాని బదులు ఇంకేదో కరుగుతోందని అర్థం. ఒక ఏడాది మా బోటు అడుగుకు రంగు వేసినవారు, అందంగా ఉంటుందని కాబోలు, దిమ్మల మీద కూడా రంగు పూసేశారు. నేను సరిచూసుకోలేదు. మరుసటి ఏప్రిల్‌లో చూస్తే దిమ్మలు చెక్కుచెదరలేదు, ప్రొపెల్లర్ రెక్కల అంచులు మాత్రం చెదలు తిన్న చెక్కలా గుంటలు పడి ఉన్నాయి. అందుచేత రంగు వేసేముందు దిమ్మలకు కాగితం అతికించి, తర్వాత తీసేయించండి. సగం కరిగిన దిమ్మను ఇంకో ఏడాది ఆగుతుందిలే అని వదలకుండా మార్చండి. బిగించే చోట పాత రంగు, తుప్పు గీకి, లోహం మెరిసేదాకా రుద్దిన తర్వాతే బోల్టు వేయండి.

బిగించాక మల్టీమీటర్‌తో జింక్‌కూ, అది కాపాడవలసిన భాగానికీ మధ్య నిరోధం కొలవండి. ముందుగా మీటరు రెండు తీగల కొనలు ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసేస్తే, మిగిలింది ఒక ఓమ్ దాటకూడదు. దాటితే ఆ రెండింటినీ కలిపే తీగకు ఎక్కడో చిలుము పట్టి ఉంటుంది.

ప్రొపెల్లర్ మీద ఒకచోట చాకు మొనతో కొద్దిగా గీకి చూడండి. లోపల పసుపుపచ్చగా మెరిస్తే మంచిదే. రాగి రంగు తిరిగి గులాబీ ఛాయలో ఉంటే ప్రొపెల్లర్ లోహంలోనే కలిసి ఉన్న జింక్ పోయి, బోలు రాగి మిగిలిందని తెలుసుకోవాలి. చిన్న సుత్తితో తట్టినప్పుడు గంటలా మోగవలసిన రెక్క మొద్దుగా పలికినా అదే అనుమానం. ఇత్తడి వాల్వులకూ ఈ పరీక్ష తప్పనిసరిగా చేయండి, ఎందుకంటే పైకి నిండుగా కనిపించే వాల్వు పిడి తిప్పగానే విరగవచ్చు.

కర్రబోట్ల యజమానులకు ఒక ప్రత్యేకమైన మాట. ఎక్కువ జింక్ పెడితే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు. రక్షణ మితిమీరితే లోహం చుట్టూ క్షారం పుట్టి కర్రను మెత్తగా పీచులా చేసేస్తుంది. బోల్టుల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే దిమ్మలు తగ్గించాలి.

జింక్ కాపాడలేని శత్రువు దారితప్పిన కరెంటు. అడుగున చేరిన నీటిలో పంపు తీగ తోలు ఊడి పడి ఉంటే, నెలలు పట్టవలసిన నష్టం రోజుల్లో జరిగిపోతుంది. బోటు నీటిలో ఉండగా వెల్డింగ్ చేయిస్తే, ఎర్త్ తీగను పని జరిగే ముక్కకే, దగ్గరగా బిగించాలి. గట్టు మీదనో పక్క బోటు మీదనో తగిలించడానికి ఒప్పుకోవద్దు. లంగరు వేసి ఇంటికి వెళ్లేటప్పుడు బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపండి.

ఇనుప భాగాల మీద రాగి కలిసిన నాచునిరోధక రంగును నేరుగా వేయకూడదు. కింద మందమైన ప్రైమర్ పొర ఉండాలి. షాఫ్టు గొట్టంలో గ్రాఫైట్ ఉన్న గ్రీజు గాని, నీరు చొరబడకుండా కూరే గ్రాఫైట్ తాడు గాని వాడితే స్టెయిన్‌లెస్ స్టీలుకు గుంటలు పడతాయి కనుక వాటిని మానండి.

కొత్త దిమ్మలను బిగించే ముందు ఒక్కొక్కదాన్ని తూచి, బరువును, తేదీని ఇంజిన్ గది గోడ మీద చెరగని సిరాతో రాసి ఉంచండి. వచ్చే ఏప్రిల్‌లో విప్పి, రుద్ది మళ్లీ తూచితే ఏ దిమ్మ ఎంత కరిగిందో, ఏది అసలు పనిచేయలేదో తేలిపోతుంది.