పిల్లల దేహ సామర్థ్యం – 3వ పాఠం: ఎదుగుదల వేగాన్ని లెక్కించడం

సమతూకం, చురుకుదనం వంటివి చిన్నతనంలోనే సులువుగా ఎందుకు పట్టుబడతాయో గత పాఠంలో చూశాం: ఆరేళ్లకే మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 90 శాతానికి చేరుకుంటుంది. కౌమారంలో ఎత్తు పెరిగే వేగాన్ని ఇంట్లోనే లెక్కగట్టి, సాధనను దానికి తగినట్లు మార్చుకోవడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఈ వేగం బాలికలలో సుమారు 12వ ఏట, బాలురలో సుమారు 14వ ఏట తారస్థాయికి చేరుతుంది. ఇవి సగటులు మాత్రమే. ఒకే తరగతిలోని ఇద్దరి మధ్య రెండు మూడేళ్ల తేడా ఉండవచ్చు. అందువల్ల ముందుగా ఎదిగినవాణ్ణే ప్రతిభావంతుడిగా ఎంచి, తక్కినవారిని జట్టు నుంచి తప్పించడం తొందరపాటని నా అభిప్రాయం.

పిల్లవాణ్ణి చెప్పులు లేకుండా, మడమలూ వీపూ గోడకు ఆనేలా నిలబెట్టి, తలపై గట్టి అట్ట పుస్తకాన్ని అడ్డంగా ఆనించి గుర్తు పెట్టాలి. పగలంతా నిలబడి తిరగడం వల్ల వెన్నుపూసల మధ్యనున్న మెత్తని బిళ్లలు అణిగి సాయంత్రానికి ఎత్తు కొద్దిగా తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ ఉదయమే, ఒకే వేళకు కొలవాలి. మూడుసార్లు కొలిచి మధ్య విలువను రాసుకోవాలి. జూన్‌లో 148.2 సెంటీమీటర్లు, సెప్టెంబరులో 150.6 ఉంటే మూడు నెలల తేడా 2.4, దాన్ని నాలుగుతో గుణిస్తే ఏడాదికి 9.6 సెంటీమీటర్ల వేగం. కొలతలో అర సెంటీమీటరు పొరపాటు జరిగితే లెక్కలో అది రెండు సెంటీమీటర్లవుతుంది, అందుకే ఇంత జాగ్రత్త.

అంతకుముందు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగిన బిడ్డ 7 దాటితే ఉద్ధృతి, అంటే ఎత్తు ఒక్కసారిగా వేగంగా పెరిగే దశ, మొదలైందని భావించవచ్చు. అప్పుడు మొండెం కంటే కాళ్లు ముందుగా పొడవవుతాయి. అలవాటైన కదలికలు కొంతకాలం తడబడతాయి. దాన్ని బద్ధకమని కోప్పడకూడదు. పైగా మోకాలిచిప్ప నుంచి వచ్చే స్నాయువు కాలి ఎముకను పట్టుకునే చోట ఇంకా లేత మృదులాస్థే ఉంటుంది కాబట్టి, పదేపదే గెంతితే అక్కడ నొప్పి పుడుతుంది.

ఈ దశలో విశాఖ బీచ్ రోడ్డు మీద వేగపు పరుగులనూ కైలాసగిరి మెట్ల మీద గెంతులనూ తగ్గించి, సైకిలు, ఈత, ఒంటికాలిపై నిలిచే సాధన, నెమ్మదిగా తీసే గుంజీళ్లు పెంచాలి. ఈత కొలనులోనే సుమా. ఆర్కే బీచ్ అలలు నమ్మదగినవి కావు. పొడి ఇసుకలో పరుగు మోకాళ్లకు హాయిగా తోచినా పిక్కలనూ మడమలనూ లాగుతుంది, తడిసి గట్టిపడిన ఇసుకే మేలు. సాధన మాత్రం మానిపించకూడదు: 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బాలురలో బలం అత్యంత వేగంగా పెరిగేది ఎత్తు ఉద్ధృతి దాటిన సుమారు ఏడాదికి. పెద్ద బరువులను అప్పటిదాకా వాయిదా వేయవచ్చు. కుంటుతున్నా, వాపున్నా, నొప్పి రాత్రి నిద్రలేపుతున్నా ఎముకల వైద్యునికి చూపించాలి.

వచ్చే పాఠంలోగా మొదటి గుర్తు పెట్టి, తేదీతో సహా రాసుకోండి. ఆ పాఠంలో 600 మీటర్ల పరుగుతో దమ్మును అంచనా వేయడం నేర్చుకుందాం.