చీర కొనే ముందు మన ఫోటో మీదే చూసుకుందాం

ఆన్‌లైన్‌లో మంగళగిరి చీర నచ్చితే, కొనే ముందు గూగుల్ వాళ్ల ఏఐ యాప్ జెమినిలో నా ఫోటో మీద వేసి చూసుకుంటాను. అన్నిటికంటే ముఖ్యం మన ఫోటో. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడి, తల నుంచి పాదాల దాకా వచ్చేలా ఎవరితోనైనా తీయించుకోండి. చున్నీ తీసేయండి, చేతులు ఒంటికి ఆనించకండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఒంటి రంగే మారిపోతుంది, ఇక చీర రంగు నప్పిందో లేదో ఏం తెలుస్తుంది?

మీ ఫోటో, చీర ఫోటో రెండూ అప్‌లోడ్ చేసి తెలుగులోనే రాయండి: "ఈ చీర నేను కట్టుకున్నట్టు చూపించు. ముఖం, ఒళ్లు మార్చొద్దు. నిజాం అంచు నాలుగు అంగుళాలు, పైట ఎడమ భుజం మీద." అంచు వెడల్పు చెప్పకపోతే తనకి తోచినట్టు వేసేస్తుంది. తర్వాత ఒక్కొక్కటే మార్చమనండి: ముందు మోచేతుల దాకా జాకెట్టు, ఆ తర్వాత బోట్ నెక్. నన్ను సన్నగా చేసి చూపించిన బొమ్మని వెంటనే తీసేస్తాను. మన ఒంటికి నప్పేదే మనకి కావాలి.

రంగు, అంచు, మెడ మనకి నప్పుతాయో లేదో ఒక అంచనా వస్తుంది. బట్ట మెత్తగా జారుతుందా, గంజి పెడితే ఎలా నిలుస్తుంది అన్నది బొమ్మలో తెలియదు. కుర్తీ అయితే, మీకు సరిగ్గా పట్టే పాత కుర్తీని పరిచి టేపుతో కొలిచి, సైజ్ చార్ట్‌తో పోల్చి చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.